మొదటి మూడోవంతు

పొద్దున తొమ్మిదింటికి, నోట్లో కాఫీ చేదు చల్లారాక,
దోన్ తెలెస్ఫొరో మూడు చుట్టలు కాలుస్తాడు.
ఎస్తెలీ ఊళ్ళో, ఫ్యాక్టరీ వెనక, ఒకటే కిటికీ ఉన్న గది.
గ్లాసెడు నీళ్ళు, ఉప్పులేని రొట్టె ముక్క,
అంచులు నలిగిన నీలం అట్ట పుస్తకం.
ముప్పై ఒక్కేళ్ళుగా ఆ ముక్కు చెప్పిందే ధర.

నేను చుట్టేదాన్ని. నాలుగో బల్ల.
అడుగాకు మండడానికి, నడిమాకు వాసనకి,
ఎండంతా తాగి నల్లబడ్డ కొసాకు ఘాటుకి.
పైన హలాపా లోయ ఆకు, పసిబిడ్డ చెవితమ్మెంత మెత్తన.
బిగిస్తే పొగ రాదు, వదిలేస్తే నిప్పు పరిగెడుతుంది.
నా వేళ్ళకి తెలిసినంత నాకు తెలీదు.

పోయిన వానల్లో ఆయనకి జ్వరమొచ్చింది.
పదకొండో రోజున తిరిగొచ్చాడు, బెల్టు రెండు చిల్లులు లోపలికి జరిగి.
ఆ రోజే పుస్తకంలో రాశాడు:
మిరియం. దేవదారు. నిండైన పొగ.
మర్నాడూ అదే.
ఆ మర్నాడూ.
ఇంకా మాగని ఆకుకట్ట పక్కన కూర్చుంటే
ఆ ఘాటుకి కళ్ళు కారాయి గానీ ముక్కు చిట్లలేదు.

ఒకరోజు ఎండిన అరటాకు లోపల పెట్టి
మంచి పైఆకు కప్పి ఇచ్చాను. పాపమని తెలుసు.
వెలిగించాడు.
బూడిద ఎంతసేపు నిలిచిందో చూశాడు,
చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కి విన్నాడు,
పొగని నాలుక మీద దొర్లించి ముక్కులోంచి వదిలాడు.
మిరియం, అని రాశాడు. దేవ...
కలం ఆగింది. నా మొహం చూశాడు.

"ఏం పెట్టావిందులో?"
"అరటాకు."
నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"చేదు తెలుస్తుంది, మంట తెలుస్తుంది నికొలాసా,
మిగతాదంతా ఖాళీ గోదాము.
పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలు."

అప్పట్నించి భోజనాల గంట కొట్టాక
ఆ గదిలో ఒకే చుట్ట, ఇద్దరం.
ఆయన నిప్పుని చూస్తాడు, నేను పీల్చి చెబుతాను.
కొనేవాళ్ళ మాటలు నాకు రావు, నాకొచ్చినట్టే చెప్పాను:
"పెనం మీద మొక్కజొన్న రొట్టె అంచు మాడినప్పటిది.
తర్వాత వానలో తడిసిన జీను, గుర్రం ఒళ్ళింకా వెచ్చగా ఉండగా.
అదుగో, ఇప్పుడు మా పెద్దమ్మ పెట్టె తెరిచినట్టు..."
"పెట్టెలో ఏముంది?"
"లవంగం. ఎవరో ఏడ్చిన రుమాలు."
"రుమాలుకేం వాసన?"
"ఉప్పు."
రాశాడు: ఉప్పు.

చివర్లో కొసాకు లేస్తుంది,
నసాళానికంటుతుంది, కణతల్లో చిన్న డప్పు.
అక్కడ నాకూ మాట దొరకదు.
"పక్కింటామెతో పోట్లాడొచ్చి, తలుపేసుకున్నాక
తప్పు నాదేనని తెలిసినప్పటిది," అన్నాను.
అదీ రాసి మార్కులు వేశాడు: తొంభై మూడు.

హాంబర్గ్ వర్తకులు ఉత్తరం రాశారు,
ఈ ఏడు దోన్ తెలెస్ఫొరో ముక్కు పదునెక్కిందని.
మేనేజరు అందరి ముందూ గట్టిగా చదివాడు.
నేను ఆకు ఈనె తీస్తూ తలెత్తలేదు.

ఆ మధ్యాహ్నం బల్ల మీద రెండు గ్లాసులున్నాయి,
చుట్ట లేదు.
పాత పత్రికలో చుట్టిన శాలువా ఒకటి విప్పాడు,
ఊదారంగుది, ఆడవాళ్ళది, ఒక చోట రఫ్ఫు చేసింది.
"ఇది చెప్పు," అన్నాడు.
పుస్తకం తెరవలేదు.

మొహానికి ఆనించుకున్నాను.
"నాఫ్తలీన్," అన్నాను.
"ఇంకా?"
మళ్ళీ పీల్చాను. నాఫ్తలీనే.
కిటికీ అవతల లారీలోకి పెట్టెలెక్కిస్తున్నారు.
"ఆగండి," అన్నాను,
"ఇది మొదటి మూడోవంతే."